దూతకు ఉంగరాల జుట్టు ఉండకూడదా?

(దళిత విమోచన ఆదివారానికి ముందురోజు బెంగళూరులో జరిగిన తెలుగు స్త్రీల, యువతుల కూడికలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన అంశం "స్త్రీ – ఆత్మగౌరవం". దాని మీద బాగా మాట్లాడగల పెద్దలు ఇక్కడే చాలామంది ఉన్నారు. మేం జుట్టు గురించి మాట్లాడదామని వచ్చాం. నవ్వితే నవ్వండి గానీ, ఇవాళ ఇక్కడికి బయల్దేరేముందు అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డారో, అందులో తల దువ్వుకోవడానికే ఎంతసేపు పట్టిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. మా సంఘంలో ఏటా క్రిస్మస్‌కి పిల్లలచేత డ్రామా వేయిస్తాం. మాలో ముగ్గురం సండేస్కూలు టీచర్లం. రెండేళ్ళ కిందటి మాట. ఒక పాప, అప్పటికి తొమ్మిదేళ్ళు. తల్లి పౌరకార్మికురాలు. పాప గొంతు ఖంగుమంటుంది, వాక్యం రెండుసార్లు వింటే అప్పజెప్పేస్తుంది. గాబ్రియేలు దూత వేషం ఇమ్మని మూడేళ్ళు వరసగా అడిగింది. మూడేళ్ళూ మేం ఇవ్వలేదు. ఒక ఏడు గొర్రెపిల్ల, ఒక ఏడు సత్రం యజమాని భార్య, మూడో ఏడు హేరోదు సైనికుడు. ఆ మూడో ఏడు "ఎందుకు ఆంటీ?" అని అడిగితే మాలో ఒకరు, "నీ జుట్టు మీద కిరీటం ఆగదమ్మా, స్ప్రింగులా ఎగిరిపోతుంది" అన్నారు. అందరం నవ్వాం. పాప కూడా నవ్వింది.

తెల్లవారుజామునే డ్యూటీ కాబట్టి ఆ తల్లి పెందలాడే పడుకుంటుంది. శనివారం రాత్రి తల్లి నిద్రపోయాక పాప బల్ల మీద దుప్పటి పరిచి, దాని మీద జుట్టు పరిచి, బట్టల ఇస్త్రీపెట్టెతో రుద్దుకుంది. చెవి పైభాగం కాలింది. ఆదివారం చెవికి మందు రాసుకుని వచ్చి, "ఇప్పుడు ఆగుతుంది ఆంటీ" అంది.

మేం ఆ పాపను ఎప్పుడూ కొట్టలేదు, తిట్టలేదు. ఎవరైనా అడిగితే పిల్లలందరినీ సమానంగా చూస్తామనే చెప్పేవాళ్ళం. మూడేళ్ళలో దూతలుగా, మరియగా ఎవరెవరిని పెట్టామో ఫోటోలు తీసి చూసుకున్నాం. అందరూ తెల్లగా, జుట్టు సాఫీగా ఉన్న పిల్లలే. సైనికులు, దొంగలు, గొర్రెలు మిగతావాళ్ళు. సాతాను వేషం వేసిన అబ్బాయి ఎలా ఉంటాడో మేం చెప్పనక్కర్లేదు.

మన భాషలోనే చూడండి. పిల్ల అందంగా ఉందంటే "ఎర్రగా బుర్రగా ఉంది" అంటాం. సంబంధం చెప్పేటప్పుడు "రంగు కొంచెం తక్కువ" అంటాం, పరీక్షలో మార్కుల్లాగా. జుట్టు నిటారుగా, బారెడు జడగా ఉంటే మంచి జుట్టు. చుట్టలు తిరిగితే చింపిరి జుట్టు, పిచ్చుక గూడు, కొబ్బరి పీచు. ఇంకో విచిత్రం ఉంది. జుట్టు ఎంత నల్లగా ఉంటే అంత మెచ్చుకుంటాం, ఒళ్ళు నల్లగా ఉంటే జాలిపడతాం. తెల్లవెంట్రుక కనిపిస్తే రంగు వేస్తాం, నల్ల చర్మం కనిపిస్తే పౌడరు వేస్తాం. ఆ మాటకొస్తే మన గ్రూపు ఫోటోల్లో సగం మొహాలు బూడిదరంగులో ఉంటాయి.

ఇదంతా ఒక్క అందం గొడవైతే ఇంతదూరం వచ్చేవాళ్ళం కాదు. ఆఫీసుల్లో, కాలేజీల్లో మన పిల్లలు వినే ఒక మెచ్చుకోలు ఉంది. "అవునా? మీరు ఎస్సీలా కనిపించరే!" మాలో ఒకావిడ ఆ మాటకి ఇరవై ఏళ్ళ కిందట "థ్యాంక్యూ" చెప్పింది. ఇప్పటికీ ఆ థ్యాంక్యూ తలుచుకుంటే నిద్ర పట్టదంటుంది. కులానికి ఒక రంగు, ఒక ముక్కు, ఒక జుట్టు అంటగట్టేశారు. మాలపల్లెల్లో, మాదిగ పల్లెల్లో తెల్లనివాళ్ళూ ఉన్నారు, అగ్రహారాల్లో నల్లనివాళ్ళూ ఉన్నారు. అయినా ఆ మాట చావలేదు.

ఇప్పుడు ఇంకొక సోదరి గురించి చెప్పాలి. మా ఆరాధన జరిగే భవనంలోనే మధ్యాహ్నం ఇంగ్లీషు ఆరాధన ఉంటుంది. దానికి ఆఫ్రికా దేశాల విద్యార్థులు వస్తారు. కమ్మనహళ్ళి, హెణ్ణూరు వైపు ఉండేవాళ్ళకి తెలుసు, ఆ పేటల్లో వాళ్ళు చాలామంది. ఒక సోదరి మొదటి ఆదివారం సన్నని జడలు వందల కొద్దీ అల్లుకుని వచ్చింది. మా ఆడవాళ్ళు చుట్టూ మూగారు. అడగకుండానే జడలు పట్టుకుని చూశారు. "తల ఎలా రుద్దుకుంటావు? వాసన రాదా?" అని అడిగారు. ఆమె ఓపిగ్గా జవాబు చెప్పింది. రెండు నెలల తర్వాత కాలేజీలో ఏదో ప్రెజెంటేషన్ ఉందని నిటారుగా నిగనిగలాడే విగ్గు పెట్టుకుని వచ్చింది. "ఇప్పుడెంత బాగున్నావు!" అన్నాం. "బాగుంటుంది మరి, ఇది మీ దేశపు జుట్టే" అంది.

మాకు మొదట అర్థం కాలేదు. ఆ తర్వాత తెలుసుకున్నాం, అది అక్షరాలా నిజం కావచ్చు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. 2011 నుంచి ఈ-వేలం పద్ధతి. ఏటా వంద కోట్ల రూపాయలు దాటే పద్దు అది. పొడవును బట్టి రకాలు కడతారు. అన్నిటికంటే పొడవైన ఆడవాళ్ళ జుట్టుకే ఎక్కువ ధర. కుదురు నుంచి కొన దాకా అన్ని వెంట్రుకలూ ఒకే దిక్కుకు ఉంటాయి కాబట్టి చిక్కుపడదు. దాన్ని వ్యాపారులు రెమీ అంటారు. చెన్నై ఎగుమతిదారుల చేతుల మీదుగా కడిగి, దువ్వి, కుట్టి అమెరికాకి, యూరప్‌కి, ఆఫ్రికాకి పంపుతారు. మొక్కు తీర్చుకున్న తల్లి భక్తితో ఇచ్చింది. ఆమె భక్తిని మేం వేలెత్తి చూపడం లేదు. ఆ జుట్టు ఎక్కడికి పోతుందో ఆమెకి ఎవరూ చెప్పరు, అంతే.

రెండో దారి మనకి ఇంకా దగ్గర. దువ్వెనకి వచ్చిన చిక్కు వెంట్రుకలు ఉండ చుట్టి గోడ సందులో దాచేవాళ్ళు మన అమ్మమ్మలు. వీధిలో సామాన్లవాడు వస్తే ఆ ఉండలిచ్చి గిన్నో గరిటో తీసుకునేవాళ్ళు. ఆ వ్యాపారం ఇంకా ఉంది, పెద్దదైంది. మన కర్ణాటకలోనే కొప్పళ పక్కన భాగ్యనగర్ ఉంది. మన ఏలూరు ఉంది. అక్కడ ఆడవాళ్ళు నేల మీద కూర్చుని ఆ ఉండలను ఒక్కొక్క వెంట్రుకగా విడదీస్తారు. తెల్లవి ఏరేస్తారు, పొడవు వారీగా కట్టలు కడతారు. ముక్కులోకి దుమ్ము, కళ్ళలో మంట. ముడి జుట్టు దొంగదారిన సరిహద్దులు దాటిపోతోందని, ఇక్కడి పని పోతోందని వ్యాపారులు మొరపెట్టుకుంటే 2022 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ముడి జుట్టు ఎగుమతి మీద ఆంక్ష పెట్టింది. ఏ తల నుంచి రాలింది, ఏ చేతులు విడదీశాయి అన్నది ప్యాకెట్ మీద ఉండదు.

ఆ సోదరి విగ్గు చూసి ముసిముసిగా నవ్వినవాళ్ళకి ఒక మాట. మన పెళ్ళిళ్ళలో సవరం పెట్టకుండా పూలజడ వేసిన పెళ్ళికూతుర్ని ఎంతమందిని చూశారు?

అయితే ఆమె విగ్గుకీ మన సవరానికీ తేడా ఉంది. మనం సవరం పెట్టేది ఉన్న జడను పొడుగు చేయడానికి. ఆమె విగ్గు పెట్టేది తన జుట్టు కనబడకుండా చేయడానికి. ఈ "కనబడకుండా" అన్నదానికి పెద్ద చరిత్ర ఉంది. ఆఫ్రికాలో జడ అల్లిక తీరును బట్టి ఏ ఊరు, ఏ తెగ, పెళ్ళయిందా లేదా చెప్పగలిగేవాళ్ళు. ఓడలెక్కించి అమెరికాకి తెచ్చి బానిసలుగా అమ్మాక ఆ జుట్టుకి "ఉన్ని" అని పేరు పెట్టారు, గొర్రె బొచ్చుకి పెట్టినట్టు. (మేం ఆ పాపకి మొదట ఇచ్చిన వేషం గుర్తుందా?) 1786లో లూసియానాను ఏలుతున్న స్పానిష్ గవర్నరు నల్లజాతి స్త్రీలు జుట్టు అలంకరించుకుని బయటికి రాకూడదు, తలకి గుడ్డ కట్టుకోవాలి అని ఆజ్ఞ తెచ్చాడు. స్వతంత్రులైన నల్లజాతి స్త్రీలు మరీ అందంగా కనిపిస్తున్నారన్నదే అక్కడి బాధ! ఆ స్త్రీలు ఏం చేశారంటే, రంగురంగుల ఖరీదైన గుడ్డలు తెచ్చి అంతకంటే అందంగా తలపాగాలు చుట్టారు.

దక్షిణాఫ్రికాలో 1950లో జనాన్ని రంగువారీగా నమోదు చేసే చట్టం వచ్చింది. ఎవరు ఏ జాతో తేలకపోతే అధికారులు జుట్టులో పెన్సిలు గుచ్చి చూసేవాళ్ళు. జారి కింద పడితే తెల్లవాళ్ళు, ఆగిపోతే కాదు. ఆ పెన్సిలు వల్ల ఒకే ఇంట్లో వాళ్ళు వేర్వేరు జాతులైపోయారు. మా పాప కిరీటం సంగతి చెప్పాం కదా. అక్కడ పెన్సిలు ఆగకూడదు, ఇక్కడ కిరీటం ఆగాలి.

ఆ దేశంలో ఆ చట్టాలు పోయాక కూడా, 2016 ఆగస్టులో, ప్రిటోరియాలో ఒక పేరున్న బాలికల హైస్కూలులో నల్లజాతి పిల్లలు తమ సహజమైన జుట్టుతో వస్తే ఊరుకోవడం లేదని పిల్లలే నిరసనకు దిగారు. ముందు నిలబడిన జులేఖా పటేల్‌కి అప్పటికి 13 ఏళ్ళు. అమెరికాలో జుట్టు తీరును బట్టి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపకూడదని మొదటి రాష్ట్ర చట్టం కాలిఫోర్నియాలో వచ్చింది, అదీ 2019లో. పౌరహక్కుల ఉద్యమం గెలిచి అరవై ఏళ్ళవుతున్నా జుట్టు కోసం వేరే చట్టం కావాల్సి వచ్చింది.

మేడమ్ సి. జె. వాకర్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867లో లూసియానాలో, అంతకుముందు బానిసలుగా ఉన్న తల్లిదండ్రులకి పుట్టింది. ఏడేళ్ళకే తల్లీతండ్రీ లేరు, ఇరవై ఏళ్ళకి భర్త లేడు. సెయింట్ లూయిస్‌లో చాకిరేవు పని. తల మీద జుట్టు ఊడిపోతుంటే మందు వెతుక్కుంది, ఆ మందునే అమ్మడం మొదలుపెట్టింది. చర్చి ఆవరణల్లో, ఇళ్ళల్లో అమ్మి, వేలమంది నల్లజాతి స్త్రీలను ఏజెంట్లుగా తయారుచేసింది. వంటింటి పని, బట్టలుతికే పని తప్ప వేరే దారి లేని ఆడవాళ్ళు సొంత సంపాదన చూశారు. నల్లజాతివాళ్ళను మూకలు చంపడానికి వ్యతిరేకంగా నడిచిన ఉద్యమానికి ఆమె డబ్బిచ్చింది. జుట్టు సాఫీ చేసే వేడి దువ్వెనను ఇంటింటికీ చేర్చింది ఆమె వ్యాపారమే అని నిందించేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. మాలో కూడా దీని మీద ఏకాభిప్రాయం లేదు. కడుపు నింపిన దువ్వెన అది, మనసుని కాల్చిన దువ్వెన కూడా అదే.

అందుకే జుట్టు సాఫీ చేయించుకున్న మన ఆడపిల్లల్ని ఇక్కడ నిలబెట్టి సిగ్గుపరిచే ఉద్దేశం మాకు లేదు. ఈ ఊళ్ళో మాల్‌లో కౌంటరు ఉద్యోగానికి, హోటల్ రిసెప్షన్‌కి వెళితే "ప్రెజెంటబుల్‌గా ఉండాలి" అంటారు. ఆ మాటకి అర్థం ఏంటో రాసివ్వరు. పిల్లలకి అర్థమైపోతుంది. మొదటి జీతంలో సగం పార్లరులో పోసి వస్తారు. ఒక్క సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేం. అమెరికాలో ముప్ఫై మూడు వేలమందికి పైగా స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించిన ఒక అధ్యయనం 2022లో వచ్చింది. ఏడాదిలో నాలుగుసార్లకు మించి జుట్టు సాఫీ చేసే రసాయనాలు వాడినవాళ్ళకి గర్భాశయ క్యాన్సరు ముప్పు, వాడనివాళ్ళతో పోలిస్తే రెట్టింపు కంటే ఎక్కువగా కనిపించింది. వాటిని ఎక్కువగా, చిన్నప్పటి నుంచీ వాడేది నల్లజాతి స్త్రీలే కాబట్టి ఆ భారం వాళ్ళ మీదే ఎక్కువ పడుతుందని పరిశోధకులే చెప్పారు. పార్లరుకి వెళితే డబ్బా మీద ఏం రాసుందో అడగండి. కిటికీ తెరవమనండి.

తెల్లబడే క్రీముల గురించి ఎక్కువ చెప్పం, మీకు తెలిసిందే. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్‌లీ 2020లో పేరులోంచి "ఫెయిర్" తీసేసింది. డబ్బా మారింది. మన పెళ్ళిచూపులు మారలేదు.

వాక్యం దగ్గరికి వద్దాం. పరమగీతం మొదటి అధ్యాయంలో ఆ స్త్రీ యెరూషలేము కుమార్తెలతో తన రంగు గురించి తానే మాట్లాడుతుంది. మన తెలుగు బైబిల్లో ఆ వచనం చదివితే, నల్లగా ఉన్నప్పటికీ అందంగానే ఉన్నానని ఆమె సర్ది చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. హెబ్రీలో అక్కడున్నది ఒకే ఒక్క చిన్న అక్షరం. దాన్ని "కానీ" అని అనువదించవచ్చు, "మరియు" అనీ అనువదించవచ్చు. ప్రాచీన గ్రీకు అనువాదం "మరియు" అనే అంది. లాటిన్ "కానీ" అంది. లాటిన్ దారిలోనే చాలా అనువాదాలు నడిచాయి. 1989 నాటి ఒక ఇంగ్లీషు అనువాదం మళ్ళీ "మరియు" దగ్గరికి వచ్చింది. ఒక్క అక్షరం మీద ఎంతమంది ఆడపిల్లల మొహాలు ఆధారపడ్డాయో చూడండి.

ఆ తర్వాతి వచనం మనం ఎప్పుడూ ప్రసంగించం. తనకి ఆ రంగు ఎందుకు వచ్చిందో ఆమె చెబుతుంది. ఎండ. అన్నదమ్ములు కోపగించి ఆమెను ద్రాక్షతోటలకి కాపలా పెట్టారు. తన సొంత తోట చూసుకునే తీరిక లేకపోయింది. అంటే ఆమె కూలి చేసిన మనిషి. ఇప్పుడు ఈ నగరాన్ని తెల్లవారకముందే ఊడ్చే పౌరకార్మికులను తలుచుకోండి. వాళ్ళలో ఎంతమంది తెలుగు మాట్లాడేవాళ్ళో, ఎంతమంది దళిత స్త్రీలో మీకు తెలుసు. మీలో కొందరు వాళ్ళే, వాళ్ళ కూతుళ్ళే. ఎండలో ఊరంతా ఊడుస్తారు, తమ వీధికొచ్చే చెత్తబండి రాదు. మొహం మీది నలుపు ఆ చాకిరీ రాసిన హాజరుపట్టీ. దాన్ని చూసి జాలిపడాల్సింది మొహం మీద కాదు, కూలి మీద.

సంఖ్యాకాండం 12వ అధ్యాయం కూడా ఇంటికెళ్ళి చదవండి. మోషే కూషు దేశపు స్త్రీని పెళ్ళాడాడు. కూషు అంటే ఈజిప్టుకి దక్షిణాన ఉన్న ఆఫ్రికా నేల. మిర్యాము ఆమెను తప్పుపట్టింది. దేవుడు మిర్యాముకి వేసిన శిక్ష ఏమిటి? ఆమె చర్మం మంచులా తెల్లబడింది. ఈ కథను మన ఫెయిర్‌నెస్ క్రీముల కంపెనీలు చదివినట్టు లేవు.

జడలు అల్లుకోవద్దని పేతురు పత్రికలో ఉంది కదా అని పెద్దవాళ్ళు అడుగుతారు. ఉంది. ఆ రోజుల్లో ధనవంతుల ఇళ్ళలో దాసీలు గంటల తరబడి నిలబడి యజమానురాలి జుట్టు అల్లి బంగారం చుట్టేవాళ్ళు. ఆ ఆడంబరం గురించి రాసిన మాటను తెచ్చి, ఆ దాసీల వారసుల్లాంటి ఒక ఆఫ్రికా అమ్మాయి జడల మీద పెట్టడం న్యాయమా? ఆమెకి ఆ జడలు వాళ్ళమ్మ నేర్పింది. నాలుగైదు గంటలు తల్లి ఒళ్ళో తల పెట్టి కూర్చుంటే తప్ప అవి రావు.

మన ఇళ్ళలో యేసు క్యాలెండరు ఉంది. గోధుమరంగు జుట్టు, భుజాల మీదికి మెత్తగా జారుతుంది, మొహం మీద వెలుగు. చాలా ఇళ్ళలో ఉన్న ఆ మొహం వార్నర్ సాల్మన్ అనే అమెరికన్ చిత్రకారుడు 1940లో వేసింది, లేదంటే దాన్ని చూసి వేసింది. గలిలయలో వడ్రంగి పని చేసిన మనిషికి ఆ రంగు ఎక్కడిది? మా పాప ఇస్త్రీపెట్టె పట్టుకున్న గదిలో కూడా గోడ మీద ఆ క్యాలెండరే ఉంది.

ఇక కష్టమైన మాట. రంగు వల్ల నలిగినవాళ్ళం కాబట్టి మనం ఇంకొకరిని నలపం అనుకుంటే అది అబద్ధం. 2016 జనవరి 31 రాత్రి ఈ నగరంలోనే, హెసరఘట్ట దారిలో, ఒక సూడాన్ విద్యార్థి నడుపుతున్న కారు గుద్ది ఒకామె చనిపోయింది. అరగంట తర్వాత వేరే కారులో అటువైపు వచ్చిన టాంజానియా విద్యార్థినిని మూక పట్టుకుని కొట్టింది, బట్టలు చింపింది, కారు తగలబెట్టింది. ఆమెకి ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేదు. ఉన్నది రంగు సంబంధం ఒక్కటే. ఆ మూకలో మనవాళ్ళు లేరనుకుందాం. మన ఇళ్ళ మాటేమిటి? మనవాళ్ళలో అద్దెకిచ్చేవాళ్ళు "ఆఫ్రికావాళ్ళకి ఇవ్వం" అని బ్రోకరుకి ముందే చెబుతారు. ఊళ్ళో మనకి ఇల్లివ్వనప్పుడు ఏ మాట విన్నామో ఆ మాటే.

మన పెద్దలు ఈ రెండు నలుపుల చుట్టరికాన్ని ఎప్పుడో గుర్తుపట్టారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ తమ పేరును అమెరికా బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నారు. తెలుగులో దళిత ఉద్యమం తన పత్రికకి "నలుపు" అనే పేరు పెట్టుకుంది. గోగు శ్యామల దళిత స్త్రీల రచనలను సంపుటిగా తెచ్చినప్పుడు దానికి "నల్లపొద్దు" అని పేరు పెట్టారు. చెన్నైలో కవితా ఇమ్మాన్యుయేల్ తన సంస్థ తరఫున 2009లో నలుపే అందం అనే ప్రచారం మొదలుపెట్టారు. పుస్తకాల మీద, బ్యానర్ల మీద నలుపు గర్వంగానే ఉంది. సండేస్కూలు తెర వెనక ఇంకా రాలేదు.

మేం చేసిన పనులు చిన్నవి, చెప్పి ముగిస్తాం. డ్రామాకి వేషాలు ఇచ్చేటప్పుడు పిల్లల్ని దుప్పటి తెర వెనక నిలబెట్టి వచనం చదివించాం. గొంతు విని మాత్రమే వేషం ఇచ్చాం. రెండు మూడు ఇళ్ళనుంచి గొడవ వచ్చింది, ఒక తల్లి మాతో మాట్లాడటం మానేసింది. మొహాలకి పౌడరు పూయడం ఆపేశాం. ఆఫ్రికా సోదరికి మా స్త్రీల కూడికలో క్షమాపణ చెప్పాం. ఆమె క్షమించింది గానీ, వెంటనే నవ్వలేదు. నవ్వాలని మేమూ అడగలేదు. తర్వాత ఒక శనివారం ఆమే వచ్చి మా పాప జుట్టు చూసి, "దీన్ని పొడిగా దువ్వకూడదు, తడిపి, నూనె రాసి, కొన నుంచి పైకి దువ్వాలి" అని వాళ్ళమ్మకి చూపించింది. ఆ తల్లి తొమ్మిదేళ్ళుగా కుదురు నుంచి కిందికి లాగి దువ్వుతూ, పిల్ల ఏడుస్తుంటే తిడుతూ వచ్చింది. ఆ జుట్టుకి ఒక పద్ధతి ఉందని ఆమెకి చెప్పినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

పోయిన క్రిస్మస్‌కి గాబ్రియేలు మా పాపే. కిరీటం పిన్నులతో ఆగలేదు, వెనక రిబ్బను కట్టి బిగించాం, ఆగింది. ఈ ఏడు ఏ వేషం కావాలని అడిగితే హేరోదు అంది. అన్నిటికంటే ఎక్కువ డైలాగులు హేరోదుకే ఉన్నాయట.